ఒకే గెడ్డ, ఊరికో వాన: అరకు, అనంతగిరి కొండల్లో మీ పొలం వాన లెక్క మీరే కట్టుకోవడం ఎలా?

"మండలంలో నిన్న 42 మి.మీ. వర్షం నమోదైంది" అని ఫోనుకు సందేశం వస్తుంది. బయటికి వెళ్లి గరువులో గునపం దింపి చూస్తే నాలుగు వేళ్ల లోతున మట్టి పొడిగానే ఉంటుంది. గెడ్డకు ఆవలి ఊరివాళ్లు మాత్రం అదే రోజు మడుల్లో దమ్ము మొదలుపెడతారు. సందేశం తప్పు కాదు, మీరు చూసిందీ తప్పు కాదు. మండల కేంద్రంలో యంత్రం ఉన్న చోట పడిన వాన వేరు, మీ గరువులో పడిన వాన వేరు. మైదానంలో ఈ తేడా కొంత ఉంటుంది. మన కొండల్లో ఇదే పంటను నిలబెట్టేది, పోగొట్టేది.

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, పాడేరు మండలాల చిన్న, సన్నకారు రైతులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాం. మీ గెడ్డ పరీవాహక ప్రాంతంలో, అంటే మీ గెడ్డలోకి నీరు దిగే కొండవాలు మొత్తంలో, వాన ఎక్కడ ఎంత పడుతుందో తెలుసుకోవడం, ఆ లెక్కను విత్తనానికి, ఎరువుకు, కాఫీ తోటకు వాడుకోవడం ఇందులోని విషయం.

మీ ఊరి నీరు ఎటు పోతుంది?

ముందు ఇది తేల్చుకోవాలి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయం నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కొండల వరుసకు పడమర పక్కన డుంబ్రిగుడ, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు పడిన నీరు మత్స్యగెడ్డలో చేరి జోలాపుట్టు జలాశయానికి పోతుంది. అక్కడి నుంచి మాచ్‌ఖండ్, సీలేరు, శబరి దాటి గోదావరిలో కలుస్తుంది. శిఖరానికి ఇటు పడ్డ చినుకు నూటికి పైగా కిలోమీటర్లు నడిచి భీమిలి చేరితే, అటు పడ్డ చినుకు ఒడిశా సరిహద్దు చుట్టి గోదావరి దాకా పోతుంది. మధ్య దూరం చూస్తే ఒక్కోచోట పశువుల కాపరి ఒక పూటలో నడిచేంతే.

ఇంత పెద్ద నదుల లెక్క మీకు రోజువారీ అక్కర్లేదు. మీ ఊరి గెడ్డకు ఎగువన ఏయే కొండలున్నాయి, వాటి మీద ఏయే ఊళ్లున్నాయి అన్నది చాలు. కాగితం మీద ఒక చెట్టు బొమ్మ గీసినట్టు గెడ్డను గీసి, కొమ్మల్లా పిల్లగెడ్డలు పెట్టి, ఊళ్ల పేర్లు రాయండి. గ్రామంలో పెద్దలను కూర్చోబెడితే అరగంట పని. సర్వే పటం కంటే ఇదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

వాన ఎందుకు ఇలా మారుతుంది?

తేమ ఉన్న గాలి కొండకు తగిలితే పక్కకు పోలేక పైకి ఎక్కుతుంది. పైకి పోయిన కొద్దీ చల్లబడుతుంది. సగటున వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చల్లబడిన గాలి తేమను మోయలేదు, అది మబ్బుగా మారి వానగా దిగుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు శివలింగపురం, తైడ, బొర్రా మీదుగా 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ వరకు ఎక్కుతుంది. కింద ఎండ, సొరంగాలు దాటాక మబ్బు, పైన ముసురు: ఆ రైలెక్కిన వారందరూ చూసే ఉంటారు.

శిఖరం దాటిన గాలి అవతలి వాలున కిందికి దిగుతుంది. దిగేటప్పుడు వేడెక్కుతుంది, మబ్బు విడిపోతుంది. అందుకే ఆ పక్కన వాన తగ్గుతుంది. దీన్ని వర్షచ్ఛాయ అంటారు. మేఘాలయలో చిరపుంజిలో ఏడాదికి 11,000 మి.మీ.కు పైగా పడితే, యాభై కిలోమీటర్ల అవతల కొండ వెనుక ఉన్న షిల్లాంగులో అందులో అయిదో వంతు మాత్రమే పడుతుంది. మన దగ్గర అంత తేడా ఉండదు. పద్ధతి మాత్రం అదే.

మన కొండల విషయంలో రైతులు గుర్తుపెట్టుకోవలసిన మెలిక ఒకటి ఉంది. కేరళలోనో కొంకణంలోనో గాలి పడమర సముద్రం నుంచే వస్తుంది కాబట్టి ఏది వానవైపు, ఏది ఎండవైపు అన్నది స్థిరంగా ఉంటుంది. మనకు అలా కాదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, పడమర గాలులు. అక్టోబరు, నవంబరులో ఈశాన్యం, తూర్పు నుంచి సముద్రపు గాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి మధ్యలో కూడా గాలి తిరుగుతుంది. అంటే పునర్వసు కార్తెలో బాగా తడిసిన వాలే స్వాతి కార్తెలోనూ తడుస్తుందని లెక్క వేయకూడదు. తూర్పు ముఖంగా, ఘాట్ రోడ్డు వైపు ఉన్న తోటలకు తుఫాను రోజుల్లో వాన, గాలి రెండూ ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు అనంతగిరి, అరకు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద ఎత్తున కూలాయి. కొండ మడతల చాటున ఉన్న తోటలకూ, గాలికి ఎదురుగా ఉన్న తోటలకూ నష్టంలో తేడా ఎంతో మీ ప్రాంతంలో నాటి తోటలున్న వారిని అడిగితే చెబుతారు.

వానల్లో రకాలు కూడా వేరు. మార్చి నుంచి మే వరకు వచ్చేవి ఉరుముల వానలు. మధ్యాహ్నం ఎండకు కొండవాలు వేడెక్కి, గాలి నిలువుగా లేచి, రెండు మూడు గంటల్లో మబ్బు కట్టి కుమ్మరిస్తుంది. ఆ మబ్బు వెడల్పు కొద్ది కిలోమీటర్లే. అందువల్ల ఒక ఊరికి వడగళ్లు, పక్క ఊరికి దుమ్ము. వాయుగుండం వాన అలా కాదు, రెండు మూడు రోజులు అంతటా పడుతుంది. అప్పుడు ఊరూరికీ తేడా తక్కువే. కాకపోతే పైనున్న ఊళ్లకు మొత్తం ఎక్కువ వస్తుంది. మూడోది ముసురు. రోజంతా కురిసినా కొలిస్తే అయిదారు మి.మీ. దాటదు. రైతు మాత్రం "నిన్నంతా వానే" అంటాడు. ముసురులో ఆకు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి తెగుళ్లకు అది పెద్ద వాన కంటే ప్రమాదం. నేలకు అందే నీరు మాత్రం తక్కువ. రెండింటినీ ఒకే మాటతో "వాన" అనడం వల్లే సగం లెక్కలు తప్పుతున్నాయని నా అభిప్రాయం.

పొగమంచు సంగతి కూడా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున చెట్ల ఆకుల నుంచి నీరు బొట్లుబొట్లుగా కారుతుంది. అది వానమాపకంలోకి రాదు, మండల లెక్కలోకీ రాదు. కాఫీ మొక్కకు, వలిసెకు ఆ తడి ఎంతో కొంత ఉపయోగమే.

మండలం అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

వాతావరణ శాఖ లెక్క ప్రకారం వర్షపాతం ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు కొలుస్తారు. మొత్తాన్ని కొలిచిన రోజు తేదీ కింద రాస్తారు. కాబట్టి పదో తేదీ సాయంత్రం మీ ఊళ్లో పడిన వాన పదకొండో తేదీ లెక్కలో కనిపిస్తుంది. "మాకు పడ్డ రోజు సున్నా రాశారు, పడని రోజు వాన రాశారు" అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. 2.5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పడితేనే దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తారు. 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అంటారు.

సాధారణం కంటే 19 శాతం తక్కువ పడినా, 19 శాతం ఎక్కువ పడినా దాన్ని "సాధారణం" అనే రాస్తారు. 20 శాతం తగ్గితేనే "లోటు". కనుక పేపర్లో మీ మండలం సాధారణం అని వచ్చినంత మాత్రాన మీ చేనుకు సరిపడా పడిందని కాదు. పైగా నెల మొత్తం సరిపోయినా మధ్యలో ఇరవై రోజులు చినుకు లేకపోతే గరువు పంట పోతుంది. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అతి తక్కువ వాన పడిన ఆగస్టు. ఆ తర్వాత సెప్టెంబరులో వాన పుంజుకుంది. కానీ ఆగస్టులో ఎండిన చేనుకు సెప్టెంబరు వాన తిరిగి ప్రాణం పోయదు.

మన మండలాలు విస్తీర్ణంలో పెద్దవి, ఎత్తుపల్లాలు ఇంకా పెద్దవి. ఘాట్ దిగువన కాశీపట్నం నుంచి పైన అనంతగిరి దాకా ఒకే మండలం. అక్కడ ఒక అంకెతో అందరి పొలాలకూ లెక్క కట్టడం అంటే సంతకు వచ్చిన వాళ్లందరికీ ఒకే కొలత చొక్కా కుట్టించడమే. ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చాక పరిస్థితి మునుపటి కంటే చాలా మెరుగైంది, అందులో సందేహం లేదు. అయినా కొండ ప్రాంతంలో రెండు కేంద్రాల మధ్య శిఖరం అడ్డుంటే, ఆ మధ్య ఊళ్ల వాన ఏ లెక్కలోనూ పడదు.

సూచనల్లో వాడే మాటలకూ అర్థం ఉంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు వంతు లోపు, "కొన్ని చోట్ల" అంటే పావు నుంచి సగం, "చాలా చోట్ల" అంటే సగం నుంచి ముప్పావు, "దాదాపు అన్ని చోట్ల" అంటే ముప్పావు వంతుకు మించి. "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అని చెబితే మీ ఊరికి భారీ వాన రాకపోవడానికే ఎక్కువ అవకాశం. దాన్ని నమ్మి పొడి దుక్కిలో విత్తనం చల్లకూడదు. "దాదాపు అన్ని చోట్ల" అన్నప్పుడు ఎరువు వేయకుండా ఆగాలి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్ తెలుగులో కూడా వస్తుంది. మేఘ్‌దూత్ యాప్‌లోనూ చూడవచ్చు. సిగ్నల్ లేని ఊళ్ల వారు రైతు సేవా కేంద్రంలో గానీ, సంత రోజున గానీ అడిగి రాసుకోవాలి.

సొంత వానమాపకం: ఖర్చు దాదాపు లేదు

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకోండి. పక్కలు నిలువుగా, గాడులు లేకుండా ఉన్నది చూసుకోవాలి. మెడ కింద వంపు మొదలయ్యే చోట చుట్టూ కోయండి. కోసిన పై భాగాన్ని మూత తీసేసి తలకిందులుగా సీసాలోనే గరాటులా పెట్టండి. దీనివల్ల లోపలి నీరు ఎండకు అంతగా ఆవిరి కాదు. అడుగున సీసా వంకరగా ఉంటుంది కాబట్టి కొన్ని గులకరాళ్లు వేసి, వంకర భాగం మునిగి నిలువు గోడ మొదలయ్యే దాకా నీరు పోయండి. ఆ నీటి మట్టం దగ్గర చెరగని సిరాతో గీత పెట్టండి. అదే సున్నా. పిల్లల స్కేలును సున్నా ఆ గీత మీద ఉండేలా అతికిస్తే సరి. గరాటు నోరు, సీసా ఒకే వెడల్పు కాబట్టి నీరు ఎన్ని మి.మీ. పైకి వస్తే అన్ని మి.మీ. వాన పడినట్టు. కొలిచాక అదనపు నీరు పారబోసి మళ్లీ సున్నా గీత దగ్గరికి తేవాలి. ఎండలకు నీరు గీత కిందికి దిగితే నింపుకోవాలి.

సీసా దొరకకపోతే పక్కలు వాలుగా ఉన్న బకెట్టు, డబ్బా ఏదైనా పనికొస్తుంది, కానీ స్కేలుతో కొలవకూడదు. నోరు అడ్డంగా 20 సెం.మీ. ఉన్న డబ్బా అయితే అందులో పడిన నీటిని మందుల సీసాతో వచ్చే కొలత మూతతో కొలవండి. ప్రతి 31.4 మి.లీ. నీరు ఒక మి.మీ. వానకు సమానం. 314 మి.లీ. వస్తే 10 మి.మీ. పడినట్టు.

ఎక్కడ పెడతామన్నది ఎలా తయారుచేశామన్న దానికంటే ముఖ్యం. ఇంటి చూరు కింద, చెట్టు కింద పెడితే అంకె పనికిరాదు. ఆకులు చిన్న వానను మింగేస్తాయి, పెద్ద వానలో ఒక్కచోట ధార కడతాయి. చెట్టు గానీ ఇల్లు గానీ ఎంత ఎత్తుందో కనీసం అంతకు రెట్టింపు దూరంలో ఖాళీ స్థలంలో పెట్టాలి. కాఫీ తోటలో అంత ఖాళీ దొరకదు. తోట పక్కన ఉన్న రాళ్ల గట్టు, కల్లం, బడి ఆవరణ చూసుకోండి. సీసా నోరు నేలకు ఒక అడుగు ఎత్తున, వంగకుండా ఉండాలి. మూడు కర్రలు పాతి మధ్యలో బిగించి, మేకలు, కోళ్లు రాకుండా చుట్టూ ముళ్లకంప వేయండి. రోజూ ఉదయం 8.30కే చూడాలి. అప్పుడే మండల లెక్కతో పోల్చుకోవచ్చు.

ఒక గెడ్డకు ఇలాంటివి కనీసం మూడు కావాలి. కొండ పైన కాఫీ తోటల దగ్గర ఒకటి, నడిమి ఊళ్లో ఒకటి, దిగువన వరి మడుల దగ్గర ఒకటి. మూడు చోట్లా ఒకే రకం సీసాలు వాడండి. ఈ పనికి నేను చూసినంతలో ఆశ్రమ పాఠశాల పిల్లలు, స్వయం సహాయక సంఘాల మహిళలు పెద్దవాళ్ల కంటే నమ్మకస్తులు. మగవాళ్లు మొదటి పది రోజులు ఉత్సాహంగా రాస్తారు, తర్వాత పుస్తకం చూరులో దోపుతారు.

పుస్తకంలో తేదీ, మి.మీ., వాన మొదలైన వేళ, ఆగిన వేళ, గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, గెడ్డ మట్టం ఎంత అన్నవి రాయాలి. వాన పడని రోజున సున్నా రాయండి. ఖాళీగా వదిలేస్తే అది వాన లేని రోజో, కొలవని రోజో ఆర్నెల్ల తర్వాత మీకే తెలియదు.

మూడు అంకెలను ఒక లెక్కగా చేయడం

ఒక ఊరి గెడ్డకు నీరిచ్చే వాలు మొత్తం 500 ఎకరాలు అనుకుందాం. పైభాగం 200, నడుమ 200, దిగువ 100 ఎకరాలు. ఒక రోజు పైన 60, నడుమ 40, దిగువ 20 మి.మీ. పడిందనుకోండి. (ఈ అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే.) మూడూ కూడి మూడుతో భాగిస్తే 40 వస్తుంది. అది సరైన సగటు కాదు, ఎందుకంటే పైభాగం విస్తీర్ణం దిగువకు రెట్టింపు. ఏ భాగంలో పడిన వానను ఆ భాగం ఎకరాలతో గుణించి, కూడి, 500తో భాగించాలి. అప్పుడు 44 మి.మీ. వస్తుంది. 1911లో అమెరికాకు చెందిన థీసెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతికి మూలం ఇదే. ఇంజినీర్లు నేటికీ వాడతారు.

ఎకరా మీద ఒక మి.మీ. వాన అంటే సుమారు 4,047 లీటర్లు. 44 మి.మీ. చొప్పున 500 ఎకరాల మీద దాదాపు 8.9 కోట్ల లీటర్లు పడినట్టు. దిగువన ఉన్న ఒక్క మాపకం చూసి 20 మి.మీ. అనుకుంటే లెక్క సుమారు 4 కోట్ల లీటర్లే వస్తుంది. సగానికి పైగా నీరు లెక్కలోంచి జారిపోయింది. దిగువ అంకె చూసి కట్టిన చెక్‌డ్యాము మొదటి పెద్ద వానకే పక్క నుంచి కోసుకుపోవడానికి, పొర్లుకట్ట చాలకపోవడానికి ఇదొక కారణం. మీ ఊరికి నీటి కుంట గానీ, గెడ్డకు అడ్డుకట్ట గానీ మంజూరైతే, రెండు మూడేళ్ల వాన పుస్తకం ఇంజినీరు ముందు పెట్టండి. పడిన నీరంతా గెడ్డలోకి రాదు. అడవి ఉన్న వాలున ఎక్కువ భాగం ఇంకుతుంది, పోడు కొట్టి బోడిగా ఉన్న వాలున ఎక్కువ భాగం పారుతుంది. బొర్రా చుట్టుపక్కల సున్నపురాయి నేలల్లో నీరు బీటల్లోంచి లోపలికి దిగి మరోచోట ఊటగా తేలుతుంది. అక్కడ పై లెక్క యథాతథంగా కుదరదు.

ఏ రైతు ఏ అంకె చూడాలి?

గరువు రైతు తన చేను పక్కన ఉన్న మాపకాన్నే చూడాలి. అతనికి పైనుంచి వచ్చే నీరు లేదు. పల్లపు మడుల రైతు తన దగ్గరి కంటే కొండ పైనున్న మాపకాన్ని ఎక్కువ చూడాలి. అతని మడికి నీరిచ్చేది పైవాన. దిగువన చినుకు లేకున్నా పైన 50 మి.మీ. పడితే అతనికి దమ్ముకు నీరు వస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే నాట్ల తేదీలో ఊరందరూ ఒకరినొకరు చూసి పరుగెత్తే పద్ధతి పోతుంది.

మెట్ట విత్తనాలకు, అంటే సామ, కంది, మెట్టవరి వంటి వాటికి, మన తేలిక ఎర్ర నేలల్లో మొత్తం 50-60 మి.మీ. పడి, జానెడు లోతు తడి దిగాకే విత్తుకోవాలి. ఇది ఒక్క రోజులో పడనక్కర్లేదు. వారం లోపు రెండు మూడు వానలు కలిపి అయినా చాలు. ఒకే గంటలో 50 మి.మీ. కుమ్మరిస్తే మాత్రం వాలు మీద సగం పారిపోతుంది, అప్పుడు అంకెను కాక గునపాన్నే నమ్మాలి. మృగశిరలో మొదటి ఉరుముల వాన చూసి విత్తనమంతా చల్లేయడం మన దగ్గర ఏటా జరిగేదే. పక్క ఊళ్లో విత్తారని విత్తవద్దు. ఆ వాన మబ్బు మీ ఊరి మీదుగా పోకపోయి ఉండవచ్చు. చోడి నారు ఒకేసారి పోయకుండా పది పన్నెండు రోజుల తేడాతో రెండు దఫాలుగా పోసుకుంటే, వాన ఆలస్యమైనా ముదురు నారు నాటే అవసరం రాదు.

కాఫీ రైతులకు అసలు పరీక్ష వేసవి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ లోపు 25-40 మి.మీ. పూత వాన పడితే మొగ్గలు ఒకేసారి విచ్చుకుంటాయి. తర్వాత రెండు మూడు వారాల్లో మరో వాన పడితే పిందె నిలుస్తుంది. ఈ రెండూ ఉరుముల వానలే కాబట్టి తోటతోటకీ మారతాయి. పదికి లోపు పడితే మొగ్గ సగం కదిలి ఆగిపోతుంది, పూత విడతలు విడతలుగా వస్తుంది, చివరికి కాయ కూడా విడతలుగా పండి కోత కూలి పెరుగుతుంది. మీ తోట దగ్గర ఎంత పడిందో మీ సీసా చెబితే, తక్కువ పడ్డ తోటలకు కొండ ఊట నుంచి గొట్టంతో తడి ఇచ్చే వీలుందేమో వెంటనే చూసుకోవచ్చు. అందరికీ ఆ వీలు ఉండదని తెలుసు. వీలున్న పది సెంట్లకు ఇచ్చినా లాభమే. పూత వాన తేదీ తప్పక రాసుకోండి. అరబికా కాయ సాధారణంగా ఆ తేదీ నుంచి ఎనిమిది తొమ్మిది నెలలకు కోతకు వస్తుంది, కూలీల ఏర్పాటు, కల్లం ఏర్పాటు దాన్ని బట్టి చేసుకోవచ్చు.

జులై, ఆగస్టులో ముసురు వదలని పై తోటల్లో నీడ చెట్ల కొమ్మలు వానలకు ముందే పలుచన చేసి, కాఫీ మొక్క నడుమ గాలి ఆడేలా చూడాలి. నల్లకుళ్లు పట్టిన ఆకులు, కాయలు తోటలో పారేయకుండా ఏరి కాల్చాలి. మిరియాల తీగలకు వానలు మొదలయ్యే ముందు ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేసి, మొదట్లో నీరు నిలవకుండా కాలువ తీయాలి. అదే గెడ్డకు దిగువన వాన తక్కువ పడే తోటల్లో నీడ అంతగా కొట్టేయకూడదు. అక్కడ ఎండ దెబ్బే పెద్ద శత్రువు. పై తోట రైతు చేసింది చూసి కింది తోట రైతు చేయడం వల్ల జరిగే నష్టం ఇలాంటిదే.

అల్లం, పసుపు ఎత్తు మడుల మీద వేయాలన్న సలహా అందరికీ చెబుతాం. వాన ఎక్కువ పడే ఎగువ ఊళ్లకు అది తప్పనిసరి. రెండు రోజులు నీరు నిలిస్తే దుంపకుళ్లు మొదలవుతుంది. విత్తే ముందే ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు వేసుకోవడం మంచిది.

రాజ్మా, వలిసె విషయంలో ఆగస్టు, సెప్టెంబరు పుస్తకం చూడాలి. రాజ్మా మొలక దశలో నీరు నిలిస్తే తట్టుకోదు. ఎగువన మఖ, పుబ్బ కార్తెల్లో వాన తెరిపి ఇవ్వని చోట సెప్టెంబరులో తెరిపి చూసి విత్తాలి. వాన ముందే తగ్గే దిగువ గరువుల్లో అలా ఆగితే పూత వేళకు తడి ఉండదు, అక్కడ ఆగస్టు చివరికే విత్తుకోవాలి. వలిసె కాస్త తట్టుకునే పంట, దాని గురించి ఎక్కువ చింత అక్కర్లేదు.

మందు కొట్టాక నాలుగైదు గంటలు వాన లేకుండా ఉండాలి. ఉరుముల కాలంలో ఉదయమే కొట్టండి. భారీ వర్షం సూచన ఉన్నప్పుడు వాలు పొలాల్లో యూరియా చల్లితే అది గెడ్డకు ఎరువు వేసినట్టే.

గెడ్డ దాటే ముందు

గెడ్డ పొంగేది మీ ఊళ్లో పడిన వానకు కాదు, పైన పడిన వానకు. మీకు ఎండ కాస్తూ ఉండగానే ఎర్ర నీరు, కొమ్మలు, ఆకులు కొట్టుకురావడం మొదలైతే పైన కుమ్మరించిందని అర్థం. నీరు ఉన్నట్టుండి రంగు మారినా, శబ్దం మారినా గట్టెక్కాలి. సంతకు వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవాళ్లు, బడి పిల్లలు, డోలీలో గర్భిణులను మోసుకొచ్చేవాళ్లు దాటే రేవులు ఇవే. పొద్దున మోకాలి లోతున్న రేవు సాయంత్రానికీ అలాగే ఉంటుందన్న నమ్మకమే మనుషులను తీసుకుపోతోంది.

వాన పుస్తకం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. పైఊళ్లో వాన మొదలైన వేళ, మీ రేవు దగ్గర నీరు పెరిగిన వేళ నాలుగైదు సార్లు రాసి పోల్చితే మీ గెడ్డకు ఎంత వ్యవధి ఉందో తెలుస్తుంది. ఒక గెడ్డకు అరగంట, మరో దానికి రెండు గంటలు ఉండవచ్చు. పైఊరి వాళ్లు గంటలో 30 మి.మీ. దాటితే కింది ఊరికి ఫోను చేయాలని, సిగ్నల్ లేని చోట డప్పు కొట్టాలని ముందే అనుకోండి. రేవు దగ్గర బండకు ఎర్ర రంగుతో గీత గీసి, నీరు ఆ గీత తాకితే ఎంత పని ఉన్నా దాటకూడదని ఊరంతా ఒప్పుకోవాలి. వేసవి ఉరుములప్పుడు పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. చెట్ల కింద, ముఖ్యంగా ఒంటరి చెట్టు కింద నిలబడవద్దు.

బీమా, నష్టం లెక్కల్లో

వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం మీ పొలం చూసి ఇవ్వరు. నోటిఫై చేసిన వాతావరణ కేంద్రంలో నమోదైన అంకెలను చూసి ఇస్తారు. మీ పంటకు ఏ కేంద్రం లెక్క వర్తిస్తుందో, అది కొండకు ఏ వైపు ఉందో చేరే ముందే రైతు సేవా కేంద్రంలో అడిగి రాసుకోండి. కరువు మండలాల ప్రకటన కూడా మండలం యూనిట్‌గానే జరుగుతుంది. మీ సీసా అంకె ఆ అధికారిక అంకెకు బదులు చెల్లదు. అయితే పది ఊళ్లు రెండేళ్లు ఒకే పద్ధతిలో, ఒకే వేళకు రాసిన పుస్తకాలు గ్రామసభ తీర్మానంతో కలిపి ఐటీడీఏ, వ్యవసాయ శాఖ ముందు పెడితే, "మా వైపు ఒక వాతావరణ కేంద్రం కావాలి" అన్న కోరికకు అవి గట్టి ఆధారం. నోటిమాట అర్జీలకూ, తేదీలతో ఉన్న పుస్తకానికీ ఆఫీసులో ఎంత తేడా ఉంటుందో లోపల కూర్చున్నవాడిగా నాకు తెలుసు.

వడగళ్లు, కొండచరియలు, ముంపు వంటి స్థానిక నష్టాలకు ఫసల్ బీమాలో విడిగా పొలం చూసే నిబంధన ఉంది. అది మీ పంటకు వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోండి. వర్తిస్తే నష్టం జరిగిన 72 గంటల లోపు తెలియజేయాలి. ఫోటో తీసేటప్పుడు పంటతో పాటు పక్కనున్న మాపకం, ఆ రోజు పుస్తకం పేజీ కూడా కనిపించేలా తీయండి. పుస్తకానికి నెలకోసారి నకలు తీయించి బడిలో గానీ, సంఘం పెట్టెలో గానీ ఉంచాలి. వానాకాలంలో మొదట తడిసి పాడయ్యేది వాన పుస్తకమే.